ఉయ్యాల్లో దేవసేన

ఇత్తడి పళ్ళెంలో బియ్యం సమంగా పరిచి ఉన్నాయి. మా తమ్ముడి చేతిలో మరదలి ఉంగరం. పురోహితుడు పంచాంగం మూసి, "రేవతి మొదటి పాదం, అక్షరం 'దే'" అన్నారు. తమ్ముడూ మరదలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆర్నెల్లుగా ఇద్దరూ మనసులో దాచుకున్న పేరును అక్షరమే వెతుక్కుంటూ వచ్చింది మరి. దేవసేన. బాహుబలి రెండో భాగం వచ్చి అప్పటికి ఏడాది అయింది.

"ఆగరా" అంది మా వరూధిని అత్తయ్య, పీట మీంచే. "సినిమాలో పేరేమిట్రా పిల్లకి? టీవీలో ఓ ముక్క చూశాన్లే. పాతికేళ్ళు గొలుసులేసి కట్టేశారు ఆ మనిషిని. చింపిరి జుట్టేసుకుని పుల్లలేరుకుంటూ కూచుంది. అలాంటిదాని పేరు తెచ్చి పసిగుడ్డుకి పెడతావా?"

ఎవరూ మాట్లాడలేదు. అభ్యంతరం చెప్పిన మనిషి పేరు ఏ కథలోంచి వచ్చిందో నాకు తెలుసు. చెప్పలేదు. అవతల విస్తళ్ళు వేస్తున్నారు, ఆ పూట కావ్యచర్చకు అది సమయం కాదు. తీరిగ్గా ఇప్పుడు చెబుతాను. ఎందుకంటే అత్తయ్య అడిగిన ప్రశ్న ప్రతి ఇంట్లోనూ వస్తోంది: కథలో పాత్ర పేరు పిల్లలకు పెట్టొచ్చా? పెడితే ఏమవుతుంది? ఎలా తేల్చుకోవాలి?

ఈ అలవాటు సినిమాలతో వచ్చిందా?

సినిమాలకు ఎంతో ముందే ఉంది. వరూధిని అనగానే మనకు గుర్తొచ్చేది అల్లసాని పెద్దన మనుచరిత్ర. మూలకథ మార్కండేయ పురాణంలో ఉన్నా, ఆమెకు రక్తమాంసాలు పోసింది పదహారో శతాబ్దపు పెద్దనే. హిమాలయాల్లో ఉండే అప్సరస. పాదలేపం పూసుకుని కొండలు చూడటానికి వచ్చి, ఆ లేపం మంచుకు కరిగిపోయి దారి తప్పిన ప్రవరుడనే గృహస్థును చూసి మనసు పడుతుంది. అతను కాదంటాడు. తర్వాత ఒక గంధర్వుడు ప్రవరుడి వేషంలో వచ్చి ఆమెను మోసం చేస్తాడు. ఇదీ కథ. బారసాల నాడు బియ్యంలో రాయదగ్గ కథేనా అని అడిగితే ఏ తాతగారైనా తడబడతారు. అయినా ఎందరో తాతలు వరూధిని అని రాశారు. మా తాత కూడా రాశాడు. ఆయన చెవికి ఆ పేరు బాగుంది, అంతే. మరోపక్క ఆమెను కాదన్న ఆ ఉత్తముడు ప్రవరుడి పేరు మాత్రం ఎవరూ పెద్దగా పెట్టుకోలేదు. 'వీడో ప్రవరాఖ్యుడు' అన్న ఎగతాళి మాటగా అది మిగిలిపోయింది.

శశిరేఖ సంగతి ఇంకా తమాషా. బలరాముడి కూతురు శశిరేఖ వ్యాసభారతంలో లేదు. ఆమెను కల్పించుకున్నది జనం. నాటకాల వాళ్ళు రంగమెక్కించారు, 1957లో మాయాబజార్ ఆమెకు సావిత్రి మొహం ఇచ్చింది. కూతురికి శశిరేఖ అని పేరు పెట్టి 'పురాణాల్లోంచి తీసుకున్నాం' అనుకున్నవాళ్ళంతా నిజానికి పెట్టింది జానపదుల కల్పిత పాత్ర పేరే. అడవి బాపిరాజు రాసిన శాతవాహనుల కాలపు నవల నాయిక హిమబిందు. ఒక తరంలో ఇంటికో హిమబిందు కనిపించేది. వాళ్ళలో నవల చదివినవాళ్ళెందరో నాకు అనుమానమే. పేరు నవల్లోంచి బయటికొచ్చి సొంత కాళ్ళమీద నడిచిపోయింది.

మంచి పాత్ర పేరైతే చాలు కదా?

చాలదు. ఇక్కడే చాలామంది పొరపడతారు. పాత్ర గుణగణాలు చూసి పేరు తేల్చుకోవచ్చనుకుంటే విభీషణుడి పేరు ఊరూరా ఉండాలి. ధర్మం పక్షాన నిలబడ్డవాడు, రాముడే మెచ్చి పట్టం కట్టినవాడు. మనలో విభీషణరావు ఎవరైనా ఉన్నాడా? ఇంటిగుట్టు లంకకు చేటు అన్న ఒక్క సామెత ఆయన మంచితనాన్నంతా మింగేసింది.

దుర్యోధనుడి విషయంలో ఇది తిరగబడుతుంది. 1977లో దానవీరశూరకర్ణ వచ్చినప్పుడు తెలుగువాళ్ళు ఎన్టీఆర్ దుర్యోధనుడికి దాసోహమన్నారు. ఆ సంభాషణలు కంఠతా వచ్చినవాళ్ళు ఇప్పటికీ పెళ్ళిళ్ళలో దొరుకుతారు. అంత అభిమానమూ థియేటర్లోనే ఉండిపోయింది, ఉయ్యాల దాకా రాలేదు. పక్కనే ఒడిశాలో మాత్రం దుర్యోధన్ అన్నది మామూలు పేరే, దుర్యోధన్ మాఝీ అనే నాయకుడు అక్కడ మంత్రిగా కూడా చేశారు. ఒకే పాత్ర, ఒకే భారతం, సరిహద్దు దాటితే పేరు బరువు మారిపోయింది.

ఎంకిని కూడా ఇక్కడే చెప్పాలి. నండూరి సుబ్బారావు ఎంకి పాటలు తెలుగుదేశాన్ని ఊపేశాయి. పండితులు కాదన్నారు, కుర్రకారు పాడుకున్నారు, ఎంకి తెలుగు పడుచుకు మారుపేరైంది. ఆ పాటలకు కళ్ళు తుడుచుకున్న చదువుకున్న ఇళ్ళలో ఒక్కరైనా కూతురికి ఎంకి అని పెట్టారా? పెట్టరు. వెంకి, ఎంకి అన్నవి పొలం పనికి వెళ్ళే ఆడవాళ్ళ పేర్లు. పుస్తకంలో ముద్దు, ఉయ్యాల్లో వద్దు. పేరు పెట్టేటప్పుడు మనం ఏ కులం, ఏ తరగతి చెవితో వింటున్నామో ఎంకి ఒక్కతే బయటపెట్టేస్తుంది. దీనిమీద ఇంకా రాయొచ్చు, కానీ అది వేరే వ్యాసం.

మరి ఏ పేరుకు పాత్ర అంటుకుంటుంది, ఏ పేరుకు అంటదు?

దీనికి ఒక్క నవల చాలు. శరత్‌చంద్ర చటర్జీ దేవదాసు 1917లో వచ్చింది. తెలుగులో 1953లో వేదాంతం రాఘవయ్య తీసిన సినిమాతో అక్కినేని ఆ పాత్రను మనింటి మనిషిని చేశారు. ఆ తర్వాత దేవదాసు అన్న మాటకు అర్థం ఏమిటో చూడండి: గడ్డం, శాలువా, సీసా, దగ్గు. 'ఏమిట్రా దేవదాసులా తయారయ్యావ్' అంటే చాలు, అవతలివాడికి ప్రేమ విఫలమైందని ఊరంతటికీ అర్థమైపోతుంది. అసలు మాటకు దేవుడి సేవకుడు అని అర్థం. ఎవరికి గుర్తుంది?

అదే నవల్లో, అదే సినిమాలో పార్వతి ఉంది. ఆమె కథేమన్నా సుఖాంతమా? ముసలి జమీందారుకు రెండో పెళ్ళి, చివర్లో మూసుకుపోయే తలుపు. అయినా పార్వతి అన్న పేరుకు ఒక్క గీత పడలేదు. 1953 తర్వాత పుట్టిన ఏ పార్వతినీ ఎవరూ 'అయ్యో, దేవదాసు పార్వతా' అనలేదు. కారణం, ఆ పేరు శరత్‌బాబుది కాదు. హిమవంతుడి కూతురుది. ఆ తర్వాత మన మేనత్తలది, పక్కింటి టీచరుగారిది, కూరగాయల బండి ఆవిడది. ఇంతమంది మధ్య నవల్లో పార్వతి ఒక మూల నిలబడిందంతే. దేవదాసు పేరుకు మాత్రం అంతమంది సొంతదారుల్లేరు. ఉన్న కొద్దిమందినీ అక్కినేని ఒక్క దగ్గుతో పక్కకు తోసేశారు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. పేరు ఎంచుకునేటప్పుడు ఆ పాత్ర మంచిదా చెడ్డదా అన్నది తర్వాత. ఆ పేరుకు ఆ పాత్ర కాక ఇంకెంతమంది సొంతదారులున్నారో ముందు లెక్కేయాలి.

మిగతా ఉదాహరణలన్నీ ఈ లెక్కకు లొంగుతాయి. చలం మైదానం ఎంత గొడవ రేపిందో తెలిసిందే. భర్తను వదిలి వెళ్ళిన ఆ నాయిక పేరు రాజేశ్వరి. ఆ పేరు చెక్కు చెదరలేదు, ఎందుకంటే అది అమ్మవారి పేరు. కార్తీకదీపం సీరియల్లో దీప కష్టాలకు లెక్కలేదు. దీపలెవరికీ ఏమీ కాలేదు. అందులోని మోనిత అన్న పేరు మాత్రం ఆ ప్రతినాయిక సొంత ఆస్తి అయిపోయింది. ఎందుకంటే తెలుగు ఇళ్ళలో అంతకు ముందు మోనితలు దాదాపు లేరు. ఇప్పుడు పెట్టేవాళ్ళు ఎంతో ధైర్యవంతులై ఉండాలి.

ఇక మధురవాణి. గురజాడ కన్యాశుల్కంలో అందరికన్నా తెలివైన బుర్ర ఆమెది. గిరీశాన్నీ రామప్పంతుల్నీ వేలిమీద ఆడిస్తుంది, చివరికి సౌజన్యారావు పంతులు ముందు నిలబడి ఆయన్నే ఆలోచనలో పడేస్తుంది. వృత్తిరీత్యా వేశ్య. ఆ పేరు పెడితే పిల్లను రేపు ఎవరైనా ఏమైనా అంటారేమో అని వెనకటి తరంవాళ్ళు జంకారంటే అర్థం చేసుకోవచ్చు. కానీ ఈ పేరుకు గురజాడ కన్నా ముందే ఒక సొంతదారు ఉంది. పదిహేడో శతాబ్దంలో తంజావూరు రఘునాథ నాయకుడి కొలువులో సంస్కృతంలో రామాయణం రాసిన కవయిత్రి మధురవాణి. ఆపైన 2018లో మహానటి వచ్చింది, అందులో సావిత్రి కథను తవ్వి తీసే పత్రికా విలేఖరి పేరు మధురవాణి. కవయిత్రి, వేశ్య, విలేఖరి. ఇవాళ కూతురికి ఆ పేరు పెట్టుకునేవాళ్ళు ఈ ముగ్గురిలో ఎవరిని తలుచుకున్నా ఫరవాలేదు. నన్నడిగితే మధ్యావిడను తలుచుకున్నా తప్పులేదంటాను.

ఆ నాటకంలోనే ఇంకో మెలిక ఉంది, ఇది తెలుగుకే చెల్లింది. గిరీశుడంటే శివుడు. ఏ లోపమూ లేని పేరు. గిరీశం అనగానే మాత్రం చుట్ట, కోతలు, వితంతువుల మీద ఉపన్యాసాలు కళ్ళ ముందుకొస్తాయి. మరి మనవాళ్ళలో ఇంతమంది గిరీష్‌లు ఎలా ఉన్నారు? చివర ఉన్న సున్నా తీసేశారు, పాత్ర రాలిపోయింది. వెంకటేశం వెంకటేష్ అయినట్టే. మన భాషలో పేరు చివరి ప్రత్యయం చొక్కా లాంటిది, విప్పి ఇంకోటి తొడగొచ్చు. అంటుకున్న మరక చాలాసార్లు ఆ చొక్కా మీదే ఉంటుంది.

దేవసేన లెక్క ఏమిటి మరి?

అత్తయ్య టీవీలో చూసిన ముక్క నిజమే. మొదటి భాగంలో దేవసేన మాహిష్మతి కోట వాకిట్లో గొలుసులతో ఉంటుంది. ఆ ఏరే పుల్లలు భల్లాలదేవుణ్ణి కాల్చే చితి కోసం. రెండో భాగంలో ఆమె కుంతల రాకుమారి, సభలో శివగామినే నిలదీస్తుంది. మా తమ్ముడూ మరదలూ చూసింది ఆ రెండోదాన్ని. అత్తయ్య చూసింది మొదటిదాన్ని. ఒకే పాత్రను ఒకే ఇంట్లో ఇద్దరు రెండు చోట్ల ఆపి చూస్తారు.

సినిమాను పక్కన పెట్టినా దేవసేనకు కొదవ లేదు. పెళ్ళి శుభలేఖల మీద, గుడి బోర్డుల మీద 'వల్లీ దేవసేనా సమేత సుబ్రహ్మణ్యస్వామి' అని ఎన్నిసార్లు చదివి ఉంటాం? భారతం అరణ్యపర్వంలో ఆమె పెళ్ళి కథ ఉంది. దేవతల సేనకు అధిపతి అన్నా, దేవసేన అనే ఆమెకు పతి అన్నా కుమారస్వామే, దేవసేనాపతి అన్న ఒక్క మాటలో రెండూ ఉన్నాయి. తమిళులు దైవానై అని పిలుస్తారు, మదురై దగ్గర తిరుప్పరంకుండ్రంలో ఆ కల్యాణమే స్థలపురాణం. అంటే సినిమా ఆ పేరును పుట్టించలేదు. అటక మీదున్న బిందెను దింపి తోమి నడింట్లో పెట్టింది. నాకు నవ్వొచ్చే సంగతి ఇంకోటుంది. సుబ్రహ్మణ్యస్వామికి ఇద్దరు భార్యలు. 2017లో పెద్దావిణ్ణి బాహుబలి తీసుకొస్తే, 2021లో చిన్నావిణ్ణి పుష్ప శ్రీవల్లిగా తీసుకొచ్చింది.

బాహుబలిలో మిగతా పేర్లన్నీ ఇలాగే ఉండవు. అవంతిక పాత మాళవ దేశం పేరులోంచి వచ్చింది, హాయిగా పెట్టుకోవచ్చు. శివగామి చిదంబరం అమ్మవారి పేరు, తమిళనాట ఎప్పట్నుంచో వాడుక. బాహుబలి అన్నది జైనులకు పవిత్రమైన పేరు, శ్రవణబెళగొళ కొండమీది 57 అడుగుల విగ్రహం ఆయనదే. కర్ణాటక జైన కుటుంబాల్లో అది పాత పేరే. కానీ భీమవరంలో ఒక సన్నపాటి కుర్రాడికి ఆ పేరు పెట్టి బడికి పంపితే వాడి బాల్యం ఎలా గడుస్తుందో ఆలోచించండి. కట్టప్ప సంగతి చెప్పక్కర్లేదు. వాణ్ణి జీవితాంతం ఒకే ప్రశ్న అడుగుతారు.

పేరుకు పాత్ర ఒక్కటే సొంతదారు అయితే?

అప్పుడు ఆ రచయిత చేతికి మీ పిల్ల పేరు తాళం ఇచ్చినట్టే. ఖలీసీ ఉదంతం దీనికి సరిగ్గా సరిపోతుంది. గేమ్ ఆఫ్ థ్రోన్స్ 2011లో మొదలైంది. అందులో డెనేరిస్ అనే యువరాణిని దోత్రాకీ తెగ వాళ్ళు ఖలీసీ అంటారు. అది ఆమె పేరు కూడా కాదు, తెగ నాయకుడి భార్యకు బిరుదు. మన దొరసాని లాంటిది. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ సంస్థ ఏటా పుట్టిన పిల్లల పేర్ల లెక్క ప్రకటిస్తుంది. 2018లో పుట్టిన ఆడపిల్లల్లో 560 మంది ఖలీసీలు. బానిసలను విడిపించిన రాణి, మూడు డ్రాగన్‌లకు తల్లి. తల్లిదండ్రులకు ఆ మాత్రం చాలు. 2019 మే నెలలో, కథ ముగియడానికి ఒక్క భాగం ముందు, ఆ రాణి లొంగిపోయిన నగరాన్ని పసిపిల్లలతో సహా తగలబెట్టింది. అప్పటికి ఆ 560 మందికి ఉగ్గు తాగే వయసు.

మన ఇళ్ళలో ఆ పేరు పెట్టుకుంటే ఇంకో ముచ్చట. తెలుగు నోట్లో ఖలీసీ ఎంత సేపు నిలుస్తుంది? 'కలిసి వచ్చిందా?' 'ఎవరితో కలిసి?' హాజరు పట్టీ పిలిచిన ప్రతిసారీ క్లాసులో నవ్వులే.

కథ అయిపోయింది కదా, పాత్ర ఇక మారదు అనుకోవడానికీ లేదు. హార్పర్ లీ 1960 నాటి నవల టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్‌లో నల్లజాతి వ్యక్తి తరఫున వాదించిన ధర్మాత్ముడు ఆటికస్ ఫించ్. న్యాయం మీద గౌరవంతో కొడుకులకు ఆటికస్ అని పెట్టుకున్నారు. 55 ఏళ్ళ తర్వాత, 2015లో, ఆవిడదే ఇంకో నవల గో సెట్ ఎ వాచ్‌మన్ అచ్చయింది. అందులో అదే ఆటికస్ వయసు మళ్ళి జాతి వివక్షను సమర్థిస్తూ కనిపిస్తాడు. తల్లిదండ్రులు లబోదిబోమన్నారు.

ఫ్రాన్సులో ఇలాంటివి కోర్టు దాకా వెళ్తాయి. పిలకజుట్టు కుర్రాడొకడు హీరోగా వచ్చే టిటూఫ్ అనే కార్టూన్ పుస్తకాలు అక్కడ పిల్లలందరికీ తెలుసు. ఒక జంట కొడుక్కి ఆ పేరు పెడితే, ఎగతాళికి గురవుతాడంటూ న్యాయస్థానం ఒప్పుకోలేదు. 2012లో అత్యున్నత న్యాయస్థానం కూడా దాన్నే ఖాయం చేసింది.

అయితే ఇందులో ఒక ఓదార్పు ఉంది. ఇవాళ ఒంటరిగా ఉన్న పేరు ఎల్లకాలం అలాగే ఉండదు. రచయిత జొనాథన్ స్విఫ్ట్ ఒక కవిత కోసం తన స్నేహితురాలి పేరు, ఇంటిపేరు ముక్కలు అతికి వెనెస్సా అని కల్పించాడు, ఆ కవిత 1726లో అచ్చయింది. వెండీ అన్న పేరును నలుగురి నోళ్ళకూ అలవాటు చేసింది 1904 నాటి పీటర్ పాన్ నాటకం. 1984లో స్ప్లాష్ అనే సినిమాలో ఒక మత్స్యకన్య వీధి పేరు బోర్డు చూసి తన పేరు మాడిసన్ అని పెట్టుకుంటుంది. అది అసలు పేరే కాదు కదా అన్నదే అక్కడి హాస్యం. ఇరవై ఏళ్ళు తిరక్కుండా అమెరికాలో ఆడపిల్లల పేర్లలో మాడిసన్ రెండో స్థానానికి ఎక్కింది. ఇప్పుడు వెనెస్సాను చూసి స్విఫ్ట్ ఎవరికి గుర్తొస్తాడు? ఆ పేరు పెట్టుకున్న పిల్లలే పెద్దవాళ్ళై, డాక్టర్లై, అత్తలై పేరుకు సొంతదారులైపోయారు. ఆ మధ్యలో కల్పిత పాత్ర బరువంతా మోసింది మొదటి తరం పిల్లలు. మీ పాపది మొదటి తరమా, నాలుగో తరమా అన్నదే చూసుకోవాలి.

ఎంత జాగ్రత్తపడ్డా వెనకనుంచి సినిమా వచ్చి పేరు లాక్కుంటే?

లాక్కుంటుంది. పుష్ప అన్న పేరుతో ఏ గొడవా లేకుండా అరవై ఏళ్ళు బతికిన ఆడవాళ్ళు 2021 డిసెంబరు నుంచి గడ్డం కింద చెయ్యి పోనిచ్చే మనవళ్ళను భరిస్తున్నారు. దేవదాసులో నర్తకి అయిన చంద్రముఖి 2005లో దయ్యమైంది. దీనికి మందు లేదు. ఒకటే ధైర్యం, పదిమంది సొంతదారులున్న పేరైతే ఆ గాలివాన రెండేళ్ళలో తగ్గిపోతుంది.

పేరును బట్టి పిల్లకు ఆ గుణాలు వస్తాయా అని కూడా అడుగుతుంటారు. 2006లో బొమ్మరిల్లు వచ్చాక నా చుట్టూ చాలామంది హాసినులు పుట్టారు. నాకు బాగా తెలిసిన హాసిని రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. వాళ్ళమ్మ ఇప్పటికీ ఎదురుచూస్తోంది.

సరే, ఇంటికి పిల్ల వచ్చేసింది. ఎలా తేల్చుకోవాలి?

మొదట ఒక కాగితం తీసుకుని, ఆ పేరున్న ముగ్గుర్ని రాయండి. పాత్ర కాకుండా. దేవతో, చరిత్రలో మనిషో, పువ్వో, నదో, మేనత్తో ఎవరైనా సరే. ముగ్గురు దొరికితే నిశ్చింతగా పెట్టుకోవచ్చు. ఒక్కరే దొరికితే పెద్దవాళ్ళను అడగండి, వాళ్ళకు తెలిసి ఉండొచ్చు. ఒక్కరూ దొరక్కపోతే ఆ పేరు మీద ప్రేమ ఉందా, ఆ సినిమా మీద ప్రేమ ఉందా అని మీలో మీరే తేల్చుకోవాలి. సినిమా మీద ప్రేమకు ఫోన్ రింగుటోను చాలు.

ఆ కథ ఇంకా నడుస్తోందా చూడండి. సీరియల్ నడుస్తుండగా అందులో పేరు పెట్టడం, వంట పూర్తికాకుండా రుచి చెప్పడం లాంటిది.

తర్వాత పేరును గట్టిగా పిలవండి. కాగితం మీద చదివితే కుదరదు. మేడమీంచి, కోపంగా, 'అన్నం తిందువు రా' అని కలిపి పిలవండి. తెలుగు నోరు పొడుగు పేరును ఎక్కడో ఒకచోట విరుస్తుంది. విరిగిన ముక్క ఎలా ఉందో చూసుకోవాలి. దేవసేన దేవి అవుతుంది, లేదా సేన అవుతుంది. రెండూ బాగానే ఉన్నాయి. ఇంటిపేరు పొడి అక్షరంతో కలిపి కూడా చదవండి, హాజరు పట్టీలో పిలుపు అలాగే ఉంటుంది.

విదేశాల్లో ఉన్నవాళ్ళకు ఇంకో మెట్టు ఉంది. ఆర్య అన్న పేరు తీసుకోండి. అమెరికాలో ఆర్య అంటే అమ్మాయి, గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లో సన్నకత్తి పట్టిన స్టార్క్ వారి చిన్నమ్మాయి. గుంటూరులో ఆర్య అంటే 2004 నాటి అల్లు అర్జున్. అక్కడ పుట్టిన పిల్లను సెలవులకు ఇక్కడికి తీసుకొస్తే 'బాబుకి ఈ గౌనేమిటి' అంటారు, ఇక్కడి కుర్రాడు చదువుకు అక్కడికి వెళితే మొదటి ఈమెయిల్‌కు మిస్ అని జవాబొస్తుంది. పేరులో తప్పేమీ లేదు. రెండు ఊళ్ళలో రెండు పాత్రలు ఆ పేరును అట్టే పెట్టుకున్నాయి, అది ముందే తెలిసి ఉంటే మంచిది. ఆంగ్ల అక్షరాల్లో ఒకే ఒక వరస తేల్చుకుని, ఆసుపత్రి కాగితం నుంచి పాస్‌పోర్టు దాకా దాన్నే రాయించండి. సంఖ్యాశాస్త్రం కోసం మధ్యలో అదనంగా దూర్చిన అక్షరాలు పిల్లల చేత ఎన్ని అఫిడవిట్లు రాయిస్తాయో అనుభవించినవాళ్ళను అడగండి.

తొందర అక్కర్లేదన్నది చాలామందికి తెలియదు. జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి కానీ, పేరు లేకుండానే చేయించవచ్చు. పేరును 12 నెలల్లోపు రుసుము లేకుండా, ఆ తర్వాత రుసుము కట్టి 15 ఏళ్ళ వరకూ చేర్పించుకోవచ్చు. అయితే ఒకసారి ఎక్కిన పేరు మార్చడం తేలిక కాదు. పైగా 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకు బడిలో చేరడం మొదలుకొని ఓటు, డ్రైవింగ్ లైసెన్సు, పెళ్ళి నమోదు, ప్రభుత్వ ఉద్యోగం దాకా జనన ధ్రువపత్రమే ఆధారం. కాబట్టి బారసాల నాటి ఉత్సాహంలో ఆసుపత్రి గుమాస్తాకు పేరు చెప్పేయకండి. ఆ సినిమా పాట మీకు విసుగు పుట్టేదాకా ఆగండి. అప్పటికీ పేరు మీద మోజు తగ్గకపోతే రాయించండి.

ఇంట్లో ఏకాభిప్రాయం కుదరకపోతే మన పెద్దలు పెట్టిన వెసులుబాటు ఉండనే ఉంది. జన్మనామం ఒకటి, వ్యవహారనామం ఒకటి, ముద్దుపేరు ఇంకొకటి. తండ్రి చెవిలో ఊదిన పేరు బడి రికార్డులో ఉండాలని ఏ శాస్త్రమూ చెప్పలేదు. గట్టి పేరు కాగితానికి ఇచ్చి, మనసుపడ్డ పాత్ర పేరును ఇంటికి అట్టేపెట్టుకోవచ్చు. ఖలీసీ మీద అంత మోజున్నవాళ్ళు ఇంట్లో పిలుచుకోండి, ఎవరొద్దన్నారు.

మా ఇంట్లో చివరికి బియ్యంలో దేవసేన అనే రాశారు. శుభలేఖల మీది వల్లీ దేవసేనల సంగతి గుర్తుచేసి అత్తయ్యను మెత్తబరిచింది పురోహితుడే. పాప ఇప్పుడు బడికి వెళ్తోంది. ఆ పేరు కోసం ఆర్నెల్లు కాచుకున్న వాళ్ళమ్మా నాన్నా దాన్ని 'పండూ' అంటారు. బడిలో దేవి. పాలబ్బాయికి పాపగారు. ఇంటిల్లిపాదిలో ఒక్క వరూధిని అత్తయ్యే నాలుగక్షరాలూ విడిచిపెట్టకుండా, పైన ఇంకోటి తగిలించి, "దేవసేనమ్మా, ఇలా రా తల్లీ, జడ వేస్తాను" అని పిలుస్తుంది. ఆ సినిమా మాత్రం ఇప్పటికీ పూర్తిగా చూడలేదు.